ఊరి తీగ ఊరి చేతిలో: ఫైబర్ ఇంటర్నెట్ మీద మీ ప్రశ్నలకు జవాబులు

ఊరివాళ్లంతా కలిసి సొంతంగా ఫైబర్ (సిగ్నల్‌ను లైట్ రూపంలో మోసే సన్నటి గాజు తీగ) వేసుకుని ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చుకోవడం గురించి పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కాలవ గట్టు పొడవునా ఉన్న 400 గడపల ఊరు. ఇప్పుడున్న నెట్ గాలీ వానా వస్తే రెండేసి రోజులు ఉండదు. తలా కొంత వేసుకుని మా ఫైబర్ మేమే వేసుకుందామనుకుంటున్నాం. ఇది చట్టం ఒప్పుకునే పనేనా? (ఒక రైతు, కోనసీమ)

ఒప్పుకుంటుంది. అయితే ముందు మీ మనసులో రెండు విషయాలను విడదీసుకోవాలండీ. తీగ వేరు, ఆ తీగలో నడిచే సర్వీసు వేరు. ఇంటర్నెట్ సర్వీసు అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉన్న సంస్థే అమ్మాలి. ఆ అనుమతితోపాటు కట్టాల్సిన ఫీజులు, పోలీసులు అడిగితే చూపాల్సిన లాగ్‌లు, ఎప్పటికప్పుడు పంపాల్సిన రిపోర్టులు అన్నీ వస్తాయి. ఎవరు ఎప్పుడు ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) వాడారో చెప్పే రికార్డులు 2 ఏళ్లు దాచాలన్న నిబంధన 2021 డిసెంబరు నుంచి ఉంది. 400 గడపల ఊరు ఆ బరువు నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

తీగ మాత్రం ఊరిది కావచ్చు. వెలిగించని ఫైబర్‌ను (లైట్ పంపే మెషీన్ తగిలించనిది), డక్ట్‌ను (ఫైబర్ దూర్చే గొట్టం), టవర్లను సమకూర్చి, లైసెన్సు ఉన్నవాళ్లకు అద్దెకిచ్చే సంస్థల కోసం టెలికాం శాఖలో ఐపీ-1 అనే రిజిస్ట్రేషన్ ఉంది. అది కంపెనీ పేరు మీద తీసుకోవాలి. కాబట్టి ఊరివాళ్లే సభ్యులుగా ఒక కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీ పేరు మీద తీగ వేసి, ఇంటర్నెట్ సర్వీసు మాత్రం లైసెన్సు ఉన్న సంస్థతో ఒప్పందం చేసుకుని నడపడం మంచి దారి. లాభాలు పంచుకోకుండా తిరిగి ఆ పనికే వాడాలనుకుంటే కంపెనీల చట్టంలో సెక్షన్ 8 ఉంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక పాత లైసెన్సులూ రిజిస్ట్రేషన్లూ ఆథరైజేషన్ల కిందికి మారుతున్నాయి. అందుకే దరఖాస్తుకు ముందు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో ఆ రోజుకు ఉన్న నిబంధన చదివి, కంపెనీ వ్యవహారాలు తెలిసిన ఆడిటర్‌ను ఒకసారి కలవండి.

ఒప్పందంలో మూడు మాటలు కచ్చితంగా రాయించుకోండి. తీగ, బాక్సులు, మ్యాపు ఊరి కంపెనీ ఆస్తి. సర్వీసు బాగోకపోతే 60 రోజుల నోటీసుతో సంస్థను మార్చుకునే హక్కు ఊరిది. ఓఎల్‌టీ, అంటే ఊరి తీగలన్నిటికీ లైట్ పంపే మెషీన్, దాని పాస్‌వర్డ్ ఊరి దగ్గర కూడా ఉంటుంది. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. తీగ మీదే, మెషీనూ మీరే కొన్నారు, కానీ లాగిన్ వేరేవాళ్ల చేతిలో ఉంటే మీరు మళ్లీ మొదటికే వచ్చినట్టు.

ప్రశ్న: పంచాయతీ ఆఫీసు దాకా ప్రభుత్వ ఫైబర్ వచ్చింది కదా. మళ్లీ మనం వేసుకోవడం దేనికి? (డిగ్రీ విద్యార్థి, నల్లగొండ జిల్లా)

పంచాయతీ ఆఫీసు దాకా వచ్చింది సరే, మీ ఇంటి దాకా రావాలిగా! 2011లో ఆమోదం పొందిన జాతీయ ఫైబర్ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. మొదట్లో దాని లెక్క పంచాయతీ దాకానే. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ మంచినీళ్ల పైపులతోపాటు డక్ట్ వేశారు. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. ఇవన్నీ మీ ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద కాలవలు. వీధుల్లోకి బోదెలు తీయడమే మిగిలిన పని, ఊరు చేసుకోగలిగిందీ అదే.

బయటి నుంచి వచ్చే లింకు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఒకటి ప్రభుత్వ ఫైబర్ అయితే, రెండోది వేరే దిక్కు నుంచి, వేరే రోడ్డు మీదుగా వచ్చే ప్రైవేటు లింకు అవ్వాలి. రెండు సంస్థల పేర్లున్నా తీగలు ఒకే స్తంభాల మీద వస్తుంటే అది ఒక్క లింకే. ఒక్క పొక్లెయిన్ దెబ్బకు రెండూ పోతాయి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రైతులే పొలాల్లో తవ్వి ఫైబర్ వేసుకున్నారని విన్నాం. నిజమేనా? అలా మనకు కుదురుతుందా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా)

నిజమే. ఉత్తర ఇంగ్లండ్‌లో లాంకషైర్ కౌంటీలో లూన్ నది లోయ ఉంది. ఇళ్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి పెద్ద కంపెనీలు అటు చూడలేదు. 2011లో అక్కడివాళ్లు ‘బ్రాడ్‌బ్యాండ్ ఫర్ ద రూరల్ నార్త్’ అనే సొసైటీ పెట్టుకున్నారు. పొట్టిగా ‘బార్న్’ అంటారు, అంటే మన మాటలో గడ్డీ గాదం పెట్టుకునే కొట్టం. లాంకాస్టర్ యూనివర్సిటీలో నెట్‌వర్కుల పని చేసిన బ్యారీ ఫోర్డ్ డిజైన్ చూశారు. రైతులు తమ పొలంలోంచి దారి ఉచితంగా ఇచ్చారు, తమ ట్రాక్టర్లతో, చిన్న పొక్లెయిన్లతో తామే తవ్వారు. వాటా కనీసం 100 పౌండ్లు. ఎంత పెట్టుబడి పెట్టినా సభ్యుడికి ఓటు ఒక్కటే. ఆస్తిని ప్రైవేటు వ్యక్తులకు అమ్మేసుకోవడానికి వీల్లేకుండా చట్టపరంగా కట్టుబాటు ఉంది. నెలకు 30 పౌండ్లకు వచ్చేదీ పోయేదీ సెకనుకు 1 గిగాబిట్ ఇచ్చారు.

అందులో మనం తెచ్చుకోవాల్సింది ఆ ఓటు పద్ధతి, ఆ ఆస్తి కట్టుబాటు. పొలాల్లో తవ్వకం మాత్రం ఉన్నదున్నట్టు ఇక్కడ దిగదు. అక్కడ ఒక్క రైతు పచ్చిక బయలు కిలోమీటరు సాగుతుంది. ఇక్కడ కిలోమీటరులో ఎకరం రెండెకరాల కమతాలు పది ఇరవై దాటాలి. ఒక్కరు ‘వద్దు’ అంటే దారి ఆగిపోతుంది. పైగా వరి మడుల్లో ఏటా దమ్ము, గట్ల సవరణ, బోదెల పూడికతీత ఉంటాయి. పచ్చిక బయలును ఇలా ఏటా కెలకరు. నల్లరేగడిలో ఇంకో తంటా: ఎండాకాలం నేల బీటలు వారి, వానలకు ఉబ్బి డక్ట్ జాయింట్లను లాగేస్తుంది. మన దగ్గర వీధి వెంట స్తంభాలు, రోడ్డు మార్జిన్, అదీ కాకపోతే పంచాయతీ వేసే పైపుల గాడి, ఇవే దారులు.

ప్రశ్న: 400 ఇళ్లకు ఏ సామాను ఎంత కావాలి? కేబుల్ ఎన్ని కోర్లు తీసుకోవాలి? లెక్క చెప్పండి. (పంచాయతీ వార్డు సభ్యుడు, ఏలూరు జిల్లా)

ఈ లెక్కను కాగితం మీద మీ ఊరి బొమ్మ గీసి పక్కన పెట్టుకుని చదవండి.

హెడ్‌ఎండ్ గదిలో, అంటే బయటి లింకు వచ్చి చేరే మెషీన్ల గదిలో (పంచాయతీ భవనంలోనో గ్రంథాలయంలోనో), 8 పోర్టుల జీపాన్ ఓఎల్‌టీ ఒకటి. జీపాన్ అంటే ఒక్క ఫైబర్‌నే చాలా ఇళ్లకు పంచే పద్ధతి. ఒక్కో పోర్టు మీద 64 ఇళ్లు. 8 పోర్టులకు 512 ఇళ్లు. 400 ఇప్పటికి, మిగతావి కొత్తగా కట్టుకునే ఇళ్లకు. ఈ 64ను ఒక్కచోటే పంచకుండా రెండు మెట్లలో పంచాలి. వీధి మొగలో జాయింట్ బాక్సులో 1:4 స్ప్లిటర్ (ఒక ఫైబర్ లైట్‌ను నాలుగుగా పంచేది), అక్కణ్నుంచి స్తంభాల మీద నాలుగు 1:16 బాక్సులు. మొత్తం 8 చిన్న స్ప్లిటర్లు, 32 బాక్సులు. ఒక్కో బాక్సులో 12, 13 ఇళ్లు మాత్రమే కలుపుతారు, 3, 4 రంధ్రాలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలను కొత్త ఇళ్లకు ఉంచండి, కక్కుర్తిపడి ముందే నింపొద్దు.

హెడ్‌ఎండ్ నుంచి ఊరి రెండు దిక్కులకూ చెరో 12 కోర్ కేబుల్, అంటే లోపల 12 గాజు పోగులున్నది, చాలు. నాలుగేసి కోర్లు వాడతారు, ఎనిమిదేసి మిగులుతాయి. మిగిలినవి వృథా అని 6 కోర్ తీసుకున్నవాళ్లు రెండో ఏడాదికే మళ్లీ కేబుల్ లాగుతారు. గాజు చవక, స్తంభం ఎక్కే కూలీ ఖరీదు. 1:4 నుంచి 1:16 బాక్సులకు 4 కోర్. బాక్సు నుంచి ఇంటికి డ్రాప్ వైరు సగటున 60 మీటర్లనుకుంటే 400 ఇళ్లకు 24 కిలోమీటర్లు. పదిశాతం తరుగు కలిపి 26, 27 కిలోమీటర్లు రాసుకోండి. డ్రాప్ వైరు వంపులను తట్టుకునే జీ657ఏ రకం అయి ఉండాలి. పెద్ద కేబుల్ మామూలు జీ652డీ చాలు. ప్రతి జాయింటు దగ్గరా 10 మీటర్ల చుట్ట వదిలితేనే రేపు తెగినప్పుడు బాక్సును కిందికి దించి నీడలో కూర్చుని అతకగలరు.

ఇక లైట్ లెక్క. లైట్ బలాన్ని డీబీఎంలలో, దారిలో పోయేదాన్ని డీబీలలో కొలుస్తారు. ఓఎల్‌టీ నుంచి +3 డీబీఎం బయల్దేరిందనుకోండి. 1:4 దగ్గర సుమారు 7.3 డీబీ పోతుంది, 1:16 దగ్గర 13.8. కిలోమీటరుకు 0.35 చొప్పున 3 కిలోమీటర్లకు 1 డీబీ. ఆరు అతుకులకు 0.1 చొప్పున 0.6. నాలుగు కనెక్టర్లకు 0.4 చొప్పున 1.6. మొత్తం 24.3 డీబీ పోయి ఇంట్లో మైనస్ 21.3 దగ్గర నిలుస్తుంది. ఇంట్లోని ఓఎన్‌యూ, అంటే ఆ లైట్‌ను నెట్‌గా మార్చే పెట్టె, మైనస్ 27 దాకా ఓర్చుకుంటుంది. కానీ పని అప్పగించే రోజు మైనస్ 25 కంటే కిందికి ఉన్న ఏ ఇంటినీ ‘సరే’ అని సంతకం పెట్టకండి. రెండేళ్లలో దుమ్ము, వంపు, మరో అతుకు కలిసి ఆ రెండు డీబీలూ తినేస్తాయి. మరీ ఎక్కువ లైట్ కూడా మంచిది కాదు. స్ప్లిటర్ లేకుండా నేరుగా తగిలిస్తే మైనస్ 8 దాటి ఓఎన్‌యూ కళ్లు జిగేల్‌మని ఏమీ చదవలేదు.

బయటి బ్యాండ్‌విడ్త్ లెక్క సులువే. రాత్రి 8 నుంచి 10 మధ్య ఒక్కో కనెక్షన్‌కు సగటున 2.5 ఎంబీపీఎస్ పెట్టుకుంటే 400కు 1 గిగాబిట్. ఐపీఎల్ రాత్రుళ్లు ఇదే అసలు పరీక్ష.

చివరగా, ఓఎన్‌యూలు కొనేటప్పుడు జీపాన్ ఓఎల్‌టీకి ఈపాన్ అనే వేరే పద్ధతి ఓఎన్‌యూ పనికిరాదని గుర్తుంచుకోండి. రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌పాన్ రకం ఉంది. అది కూడా మీ ఓఎల్‌టీ మీద ఒకటి పెట్టి, వారం నడిపి చూశాకే 400కు ఆర్డర్ ఇవ్వండి.

ప్రశ్న: మా వీధి పొడుగ్గా ఒకే వరస. అందుకని 90:10 కప్లర్లు వరసగా వేశాం. పవర్ మీటర్‌లో మైనస్ 19 చూపిస్తోంది, అయినా ఓఎన్‌యూలో కనెక్షన్ కుదిరిందో లేదో చూపే పాన్ లైటు ఆడుతూనే ఉంటుంది, నెట్ రాదు. ఎందుకు? (కేబుల్ టెక్నీషియన్, ప్రకాశం జిల్లా)

కప్లర్, అంటే లైట్‌ను సమానంగా కాకుండా ఎక్కువ తక్కువలుగా పంచే ముక్క, దాని మీద రాసిన అంకెలు చూడండి. 1550 అని మాత్రమే ఉంటే అది టీవీ సిగ్నల్ కోసం చేసిన పాత రకం. జీపాన్‌లో ఇంటికి వచ్చే లైట్ తరంగ పొడవు 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెనక్కి వెళ్లేది 1310. ఒకే తరంగానికి చేసిన కప్లర్ 1550, 1490లను కొంచెం అటూ ఇటూగా పంపినా, 1310 దగ్గర దాని పంపకం పూర్తిగా మారిపోతుంది. మీకు లైట్ వస్తోంది, మీ జవాబు ఓఎల్‌టీకి చేరట్లేదు. మీ మీటర్ వచ్చేదాన్నే కొలుస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. 1310, 1490, 1550 మూడూ రాసి ఉన్న కప్లర్‌తో మార్చి చూడండి.

పొడుగు వీధికి కప్లర్లు వేయడం తప్పు కాదు. 90:10లో 10 వైపు 10, 11 డీబీ, 90 వైపు అర డీబీకి కాస్త ఎక్కువ పోతుంది. ఆ లెక్క ప్రతి స్తంభానికీ రాసుకుంటూ వెళ్లాలి. చివరి రెండు మూడు స్తంభాలకు 80:20, 70:30కి మారాలి, లేకపోతే కొస ఇళ్లకు లైట్ మిగలదు. తర్వాత మధ్యలో ఇంకో కప్లర్ దూర్చాలంటే ఆ కిందివాటి లెక్కంతా మారిపోతుంది. కొత్తగా వేసే ఊరికి సమానంగా పంచే స్ప్లిటర్లే మా సలహా.

ప్రశ్న: కరెంటు స్తంభాల మీదుగా వేయాలా, భూమిలో వేయాలా? (స్వయం సహాయక సంఘం సభ్యురాలు, పల్నాడు జిల్లా)

ఊరి లోపల స్తంభాలు, ఊరికి వచ్చే లింకు వీలైతే భూమిలో. ఇదీ మా అభిప్రాయం, కారణాలు చెబుతాం.

ప్రభుత్వ పథకాల్లో డక్ట్‌ను 1.65 మీటర్ల లోతున పెట్టాలన్న ప్రమాణం ఉంది. 40 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న హెచ్‌డీపీఈ డక్ట్ వాడతారు. సిమెంటు రోడ్లున్న వీధుల్లో ఇంటింటికీ అంత లోతు తవ్వకం అయ్యే పని కాదు. పైపైన జానెడు లోతులో పూడిస్తే కుళాయి పైపు కోసం తవ్వే మొదటి గునపానికే తెగుతుంది. పంచాయతీ మంచినీళ్ల పైపులకో డ్రైనేజీకో గాడి తీస్తోందని తెలిస్తే మాత్రం ఖాళీ డక్ట్ అయినా వేసి పెట్టుకోండి. రెండు కొసలకూ బిరడాలు బిగించండి. వదిలేస్తే ఆరు నెలల్లో బురదతోనూ ఎలుకలతోనూ నిండిపోయి కేబుల్ దూరదు.

స్తంభాల మీద వేయాలంటే కరెంటు సరఫరా సంస్థ డిస్కం నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. లైన్‌మన్ నోటిమాట చాలదు, ఆయన బదిలీ అయిన రోజున మీ కేబుల్ కింద పడుతుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రైట్ ఆఫ్ వే (తీగలు వేసే దారి హక్కు) నియమాల ప్రకారం దరఖాస్తు అనుమతి ఉన్న టెలికాం సంస్థ పేరు మీద వెళ్లాలి, కాబట్టి మొదట చెప్పిన కంపెనీ రిజిస్ట్రేషన్ ఇక్కడా అవసరమే. ఇళ్లకు కరెంటు వెళ్లే ఎల్‌టీ స్తంభాలే ఎంచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉన్న జంట స్తంభాలను ముట్టుకోవద్దు. కరెంటు తీగకు కింద కనీసం మీటరు ఎడం ఉంచండి. లోహం అస్సలు లేని ఏడీఎస్ఎస్ కేబుల్ వాడండి. ఉక్కు తీగ కలిసిన కేబుల్ మీద కరెంటు తీగ తెగి పడితే ఇంటింటికీ కరెంటు పాకుతుంది. ఎల్‌సీ తీసుకోకుండా, అంటే సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపించకుండా ఎవరినీ స్తంభం ఎక్కనివ్వద్దు. ఈ ఒక్క విషయంలో ‘ఐదు నిమిషాల పనే కదా’ అన్నవాళ్ల మాట వినొద్దు.

ఎత్తు సంగతి. రోడ్డు దాటే చోట కేబుల్ కడుపు, అంటే మధ్యలో వేలాడే భాగం, నేల నుంచి 6 మీటర్లకు తగ్గకూడదు. 50 మీటర్ల ఎడానికి అర మీటరు నుంచి ముప్పావు మీటరు దాకా వేలాడనివ్వాలి. వీణ తీగలా బిగిస్తే మొదటి ఈదురుగాలికే క్లాంపు దగ్గర నలుగుతుంది. మన ఊళ్లలో కేబుళ్లను ఎక్కువగా తెంపేది తుపాను కాదు, కోతల కాలంలో వరిగడ్డి నిండుగా వేసుకుని వచ్చే ట్రాక్టరు. డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. గడ్డి పైవరస కేబుల్‌ను ఎత్తి పట్టుకుని రెండు స్తంభాల అవతల వదిలేస్తుంది. తెగిన కొస దగ్గర గడ్డిపరకలు ఇరుక్కుని ఉంటే కారణం వేరే వెతకక్కర్లేదు.

మీది పల్నాడు కాబట్టి ఇంకొకటి. శివరాత్రికి కోటప్పకొండకు వెళ్లే ప్రభలకు 6 మీటర్లు ఏ మూలకూ చాలదు. కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు నడిచే కోనసీమ ఊళ్లదీ ఇదే సమస్య. ప్రభ వెళ్లే దారిలో రోడ్డు దాటే ప్రతి చోటా కేబుల్‌ను రెండు వైపులా విప్పదీసే క్లాంపులతో కట్టి, ఒక స్తంభం మీద 15 మీటర్ల చుట్ట అదనంగా ఉంచండి. ఆ రోజు పొద్దున కేబుల్‌ను దించి నేల మీద పరిచి, ప్రభ దాటాక మళ్లీ ఎత్తుకోవచ్చు. కనెక్షన్ తెగదు.

కోతులున్న ఊళ్లలో డ్రాప్ వైరును ఇంటి పిట్టగోడ నుంచి స్తంభానికి ఊయలలా వదలొద్దు. గోడ వెంట బిగించి, గాలిలో దూరం తగ్గించండి.

ప్రశ్న: ఒక్కసారిగా 50 ఇళ్లకు నెట్ పోయింది. కేబుల్ ఎక్కడా తెగలేదు. అన్ని ఇళ్లలో లైట్ బాగానే ఉంది. ఎక్కడ వెతకాలి? (మరో టెక్నీషియన్, ఖమ్మం జిల్లా)

ఒకే పోర్టు మీది ఇళ్లన్నీ పోయి, లైట్ మాత్రం వస్తోందంటే ఎవరో ఒకరు ఎడతెగకుండా అరుస్తున్నారని అర్థం. జీపాన్‌లో 64 ఓఎన్‌యూలూ వంతులవారీగా మాట్లాడతాయి. ఒకటి పాడై వంతు లేకుండా లైట్ వేస్తూ పోతే మిగతావాటి మాట ఓఎల్‌టీకి వినబడదు. పిడుగు పడ్డ మర్నాడు ఇది ఎక్కువ. ఓఎన్‌యూ బదులు ఎవరైనా మీడియా కన్వర్టర్ తగిలించినా ఇదే జరుగుతుంది, అది ఎప్పుడూ లైట్ వేస్తూనే ఉంటుంది.

1:4 స్ప్లిటర్ దగ్గరకు వెళ్లి నాలుగు కొమ్మల్లో ఒక్కొక్కటీ విప్పి చూడండి. ఏది విప్పితే మిగతా ఇళ్లు బతికాయో దొంగ ఆ కొమ్మ మీద ఉన్నట్టు. తర్వాత ఆ 1:16 బాక్సు దగ్గర ఇళ్లను ఒక్కొక్కటిగా తీయండి. స్ప్లిటర్ దగ్గర కొమ్మలను అతికేయకుండా కనెక్టర్లు పెట్టుకున్నవాళ్లకు ఇది అరగంట పని. అతికేసుకున్నవాళ్లకు పూట పడుతుంది.

నెట్ పూర్తిగా పోకుండా కొందరికి వచ్చీ కొందరికి రాకుండా ఉంటే వేరే అనుమానం. ఎవరో తమ వైఫై రూటర్‌ను వాన్ (బయటి నెట్ తీసుకునే) రంధ్రం బదులు లాన్ (ఇంటి పరికరాలకు నెట్ ఇచ్చే) రంధ్రంలో తగిలించి పక్కింటివాళ్లకు కూడా అడ్రసులు పంచుతున్నారు. ఓఎల్‌టీలో ఒక ఇంటి నుంచి పక్కింటికి నేరుగా ఏదీ పోకుండా ఆపే పోర్ట్ ఐసొలేషన్ ఆన్ చేస్తే ఆ బెడద వదులుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో కరెంటు రోజూ నాలుగైదు గంటలు పోతుంది. హెడ్‌ఎండ్‌కు ఎంత బ్యాటరీ కావాలి? (కిరాణా వ్యాపారి, శ్రీకాకుళం జిల్లా)

ఓఎల్‌టీ, స్విచ్, రూటర్ కలిసి 150 వాట్లు అనుకుందాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉన్నట్టు లెక్క. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. నికరంగా 1,200 మిగిలితే 8 గంటలు. మీకు ఒకటి చాలు, తుపాను రోజుల కోసం జనరేటర్ తగిలించుకునే ఏర్పాటు ఉంచుకోండి. బ్యాటరీని హెడ్‌ఎండ్ గదిలో కాకుండా గాలి ఆడే వరండాలో పెట్టండి. దారిలో స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, పాత కేబుల్ టీవీ నోడ్‌ల మీద ఫైబర్‌కు ఉన్న పెద్ద మేలు ఇదే. ఇళ్లలో ఓఎన్‌యూకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ సరిపోతుంది.

ప్రశ్న: ఊరి కుర్రాళ్లు ఫైబర్ అతకడం నేర్చుకోగలరా? (గృహిణి, వరంగల్ జిల్లా)

తప్పకుండా. చెయ్యి నిలకడగా ఉండాలి, తొందర ఉండకూడదు. కుట్టుమిషన్ మీద పనిచేసే అమ్మాయిలకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

మొదట స్లీవ్‌ను, అంటే అతుకును కాపాడే గొట్టాన్ని, ఫైబర్‌కు ఎక్కించాలి. అతికాక గుర్తొస్తే కోసి మళ్లీ మొదలుపెట్టడమే. తర్వాత పైపూత ఒలిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని కాగితంతో తుడవాలి. తుడిచేటప్పుడు గాజు కీచుమంటే శుభ్రమైనట్టు. క్లీవర్ అనే గాజు కోసే పరికరంతో కోశాక ఆ కొసను ఇక దేనికీ తగలనివ్వకూడదు, తుడవకూడదు కూడా. మెషీన్‌లో పెట్టి అతికాక అంచనా నష్టం 0.05 డీబీ దాటితే కోసి మళ్లీ చేయాలి. వరసగా అన్నీ చెడుతుంటే మెషీన్‌ను తిట్టే ముందు క్లీవర్ బ్లేడు తిప్పి చూడండి, ఎక్కువసార్లు లోపం అక్కడే. ఫ్యాను కింద, గాలిలో అతకొద్దు.

రంగుల వరస నోటికి రావాలి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, పలక రంగు, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, ఆకాశనీలం. కనెక్టర్లలో ఆకుపచ్చది ఏటవాలుగా, నీలంది తిన్నగా చెక్కి ఉంటాయి. ఆకుపచ్చను నీలానికి తగిలిస్తే లోపలికి దూరుతుంది, బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, మధ్యలో గాలి సందు ఉండిపోయి నాలుగైదు డీబీలు మాయమవుతాయి. ఊరంతటికీ ఒకే రంగు పెట్టుకోండి.

ప్రశ్న: నెలకు ఎంత పెడితే నిలబడుతుంది? (అదే ఏలూరు వార్డు సభ్యుడు)

ధర మీ ఊరే నిర్ణయించాలి. లెక్క కట్టే తీరు చెబుతాం. 400లో మొదటి ఏడాది 250 ఇళ్లే చేరతాయనుకుని లెక్కేయండి. జీఎస్టీ 18 శాతం కాకుండా 300 చొప్పున నెలకు 75,000. అందులోంచి సర్వీసు సంస్థ వాటా, స్తంభాల అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతం, కరెంటు పోగా, ఆరో వంతు ఎవరూ ముట్టుకోకుండా వేరే ఖాతాలో పడాలి. బ్యాటరీ మూడు నాలుగేళ్లకోసారి మార్చాలి. పిడుగుల కాలంలో ఓఎన్‌యూలు గంపగుత్తగా పోతాయి. ఓఎల్‌టీ కూడా పాతబడుతుంది. ఈ ఖాతా లేని నెట్‌వర్కులు మూడో ఏట వచ్చిన మొదటి పెద్ద వానకు ఆగిపోతాయి, మళ్లీ చందా అడిగితే ఎవరూ ఇవ్వరు.

కేబుల్ కొనక ముందే 250 ఇళ్ల నుంచి వాటా డబ్బు బ్యాంకులో పడాలి. ‘వేశాక చూద్దాం’ అన్న మాటను సంతకం కింద లెక్కపెట్టొద్దు. బడికీ ఆరోగ్య కేంద్రానికీ ఉచితంగా ఇవ్వాలనుకుంటే ఆ ఖర్చును కూడా పద్దులో రాసి ఇవ్వండి.

ప్రశ్న: 100 ఎంబీ ప్లాన్ తీసుకుంటే ఫోన్లో 30 వస్తోంది. మోసమా? (పేరు వద్దన్నారు)

ముందు లాప్‌టాప్‌ను ఓఎన్‌యూకు వైరుతో తగిలించి చూడండి. అక్కడ 95 వస్తే తీగ బాగున్నట్టే, తేడా వైఫైది. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ పేరుకు మార్చండి. రూటర్ టీవీ వెనకో బీరువా మీదో ఉంటే హాల్లో ఛాతీ ఎత్తున పెట్టండి.

ప్రశ్న: ఆ తీగలోని లైట్ కళ్లకు ప్రమాదమా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు. (గృహిణి, విజయనగరం జిల్లా)

ఆ లైట్ కంటికి కనిపించదు, అందుకే జాగ్రత్త కావాలి. ఊడిన కనెక్టర్ కొసను కంటికి దగ్గరగా పెట్టి ‘వస్తోందా’ అని చూడొద్దు, దానికి మూత పెట్టి టెక్నీషియన్‌ను పిలవండి. టెక్నీషియన్ వాడే ఎర్రటి లేజర్ పెన్ వైపు కూడా చూడకూడదు. లైట్ కన్నా ఎక్కువ భయపడాల్సింది అతికేటప్పుడు తెగిపడే గాజు ముక్కలకు. వెంట్రుక కంటే కాస్త లావు, నేల మీద కనిపించవు, కాలిలో దిగితే తీయడం కష్టం. పని చేసేవాళ్లను ఆ ముక్కలు మూత ఉన్న డబ్బాలో వేయమనండి. వాళ్లు వెళ్లాక అక్కడ చీపురుతో కాకుండా వెడల్పు టేపు అంటించి ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.